ఆంగ్ల నిఘంటువులో మన పలుకులు

ఆంగ్లంలోని అరుదైన పదాలను నేర్వదలచిన విద్యార్థి సాధారణంగా ఒక పట్టిక రాసుకుని వల్లె వేస్తాడు. పరీక్ష ముగిసేసరికి వాటిలో చాలా భాగం మరపున పడతాయి. అర్థం ఒక్కటే తెలిసిన పదం జారిపోతుంది; పుట్టుక తెలిసిన పదం మనసులో నిలుస్తుంది. అపరిచితంగా తోచే అట్టి పదాలలో కొన్ని మన దేశంలోనే పుట్టినవి కావడం విశేషం.

'బ్యాండికూట్' అన్న మాట వింతగా వినిపిస్తుంది. అది మన పందికొక్కే! తెలుగు నేలపై ఆంగ్లేయుల నోట పడిన ఈ పేరు, తరువాత ఆస్ట్రేలియాలో పిల్లలను పొట్టసంచిలో మోసే వేరొక జంతువుకు కూడ స్థిరపడింది. 'కాటమరాన్' తమిళుల కట్టుమరం. అంటే దుంగలను కలిపి కట్టిన తెప్ప. 'మల్లిగటానీ' అనే చారు తమిళుల మిరియాల నీరు. కొబ్బరిపీచుకు ఆంగ్లంలో ఉన్న 'కాయిర్' అనే పేరు మలయాళం ఇచ్చినది. 'జగర్నాట్' అంటే అడ్డు వచ్చినదాన్నెల్ల నలిపివేసే ప్రచండశక్తి. దీనికి మూలం పూరీ జగన్నాథుని రథం. నాసిక్ సమీపంలోని దేవలాలీ సైనిక శిబిరంలో స్వదేశం చేర్చే ఓడకై నిరీక్షించి విసిగిన ఆంగ్ల సైనికుల వల్ల, మతి చలించినవాడిని 'డూలాలీ' అనడం వాడుకలోకి వచ్చింది.

ఇట్టి పదాలను హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఎ. సి. బర్నెల్ సేకరించారు. బర్నెల్ 1882లో మరణించగా, వారి కోశం 'హాబ్సన్-జాబ్సన్' 1886లో వెలువడింది. విలియం క్రూక్ పరిష్కరించిన రెండవ ముద్రణ 1903లో వచ్చింది. మొహర్రం ఊరేగింపులలోని 'యా హసన్, యా హుసేన్' అనే ఆక్రోశం ఆంగ్ల సైనికుల చెవికి వినిపించిన తీరే ఈ గ్రంథనామం. పరాయి నోట పలుకు ఎంతగా రూపు మారుతుందో ఆ పేరే చాటుతుంది.

అయితే ధ్వనిసామ్యం ఒక్కటే ప్రమాణం కాదు. నగదు అనే అర్థంలోని 'క్యాష్'కు మన 'కాసు'తో చుట్టరికం లేదు. అది పెట్టె అనే అర్థంగల ఫ్రెంచి, ఇటాలియన్ పదాల నుంచి వచ్చినది. అదే వర్ణక్రమంతో ఒక చిన్న నాణేన్ని సూచించే మరో ఆంగ్ల పదం మాత్రం తమిళ 'కాసు' నుంచి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. కనుక ఊహను నమ్మక, పదచరిత్ర తెలిపే మంచి నిఘంటువును సంప్రదించాలి.

కొత్త పదం ఎదురైనప్పుడు అది ఏ భాషది, తొలి అర్థమేది, ఆ అర్థం ఎలా మారింది అనే మూడు విషయాలను రాసుకోవడం మేలు. అలా రాసుకున్న పుస్తకంలో ఆంగ్లపదాల పక్కనే తెలుగు, తమిళం, మలయాళం, ఒరియా, మరాఠీ ప్రాంతాలు ఒకే పుటపై కలుసుకుంటాయి. పరాయిభాష పట్ల బెరుకు తగ్గడమే కాక, సోదరభాషల పట్ల ఆసక్తి కూడ పెరుగుతుంది.