ఇంటి కాగితములు ఇల్లు దాఁటకుండ

పూర్వము ఇంటి కాగితములకు భోషాణమో, బీరువాలోని ఇనుప అరయో స్థానముగ నుండెడిది. దాని తాళపుచెవి గృహిణి నడుమున వ్రేలాడుచుండెడిది. భూమి దస్తావేజు, బంగారము కొన్న రసీదు, పిల్లల జాతకములు, ఏది యెక్కడ నున్నదో ఆమెకే తెలియును. నేఁడా కాగితములన్నియు ఫోనులోనికి వచ్చి చేరినవి. వాని తాళపుచెవి యెవరి చేతిలో నున్నదో చెప్పుట మాత్రము కష్టమైనది.

గచ్చిబౌలి వంటిచోట సంసారము చేయు స్త్రీకి ఈ సంగతి నిత్యానుభవము. అద్దెయిల్లు కావలెనన్నచో ఇంటి యజమాని ఆధారు కార్డును వాట్సాపులో పంపుమనును. పిల్లను బడిలో చేర్పింపఁబోయినచో జనన ధ్రువపత్రమును, ఫొటోను కోరుచు, ఫొటో యిన్ని కిలోబైట్లకు మించరాదని నిబంధన పెట్టుదురు. బీమా కంపెనీవారు ఆసుపత్రి చీటీలన్నిటిని ఒకే పి.డి.యఫ్.గా కూర్చి పంపుమందురు. గడువు సాయంకాలము వఱకే యుండును. భర్త ఆఫీసులో మీటింగులో నుండును. అప్పుడామె ఫోనులో వెదకి, మొట్టమొదట కనఁబడిన ఉచిత వెబ్‌సైటును తెఱచి, కాగితము నందులో వేయును. క్షణములో పని ముగియును. ఆ కాగితము నడుమ నెక్కడికి పోయి వచ్చినదో యామె యెఱుఁగదు.

ఇట్టి పనిముట్లు రెండు తెగలు. కొన్ని మన కాగితమును తమ సర్వరునకుఁ దీసికొనిపోయి, అచ్చట పని చేసి, తిరిగి పంపును. బట్టను దర్జీ దుకాణములో ఇచ్చి వచ్చుట వంటిదది. దుకాణదారుఁడు మంచివాఁడే కావచ్చును. కాని మన బట్ట ఆ రాత్రి యెవరి కంటఁబడినదో మనము చూడలేదు. రెండవ తెగ పనిముట్లు దర్జీయే మిషను తెచ్చుకొని మన వసారాలో కూర్చుండి కుట్టి పోవుట వంటివి. వెబ్‌పేజీ పనిముట్టును మాత్రము మన బ్రౌజరులోనికిఁ దెచ్చును. పని మన యంత్రములోనే జరుగును. కాగితము గడప దాఁటదు. వెబ్ అసెంబ్లీ యను పద్ధతి 2019 డిసెంబరులో ప్రమాణముగ నంగీకరింపఁబడినది. పూర్వము పెద్ద సాఫ్టువేరు లేనిది కాని పనులు నేఁడు బ్రౌజరులోనే జరుగుట కది యొక ముఖ్యకారణము.

ఖాతా తెఱువ నక్కఱలేనిదైనచో చాలు ననుకొను సోదరీమణులు కలరు. ఖాతా లేకుండుట మేలే. ఖాతా తెఱచినచో మన పేరు, ఫోను నంబరు, మనము వేసిన కాగితములు ఒకే త్రాటఁ గట్టఁబడును. ఆఱు మాసముల కా ఖాతాను మనమే మఱచిపోదుము. అయినను ఖాతా యడుగని వెబ్‌సైటు సైతము కాగితమును తన సర్వరునకుఁ గొనిపోవచ్చును. ఈ రెండును వేఱువేఱు ప్రశ్నలు. అట్లే బ్రౌజరులోని ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీ మనము చూచినవానిని ఆ ఫోనులో గుర్తుంచుకొనకుండఁ జేయునే కాని, అవతలి వెబ్‌సైటు కన్నులు కట్టదు.

ఇంత జాగ్రత్త యెందులకని మగవారు నవ్వవచ్చును. గచ్చిబౌలిలోనే సైబరాబాదు పోలీసు కమిషనరు కార్యాలయమున్నది. 2023 మార్చిలో ఆ పోలీసులు, 16.8 కోట్ల మంది వివరములు దొంగిలించి యమ్ముచున్న ముఠా నొకదానిని పట్టుకొనిరి. అందు సైనికోద్యోగుల వివరములు సైతముండెను. కొద్ది దినములకే, ఏప్రిల్ మొదట, మఱియొకనిని పట్టుకొనిరి. 24 రాష్ట్రములకు, 8 మహానగరములకు చెందిన 66.9 కోట్ల మంది సమాచార మతనియొద్ద నుండెనని కమిషనరు స్టీఫెన్ రవీంద్ర పత్రికలకుఁ దెలిపిరి. అదంతయు ఉచిత వెబ్‌సైట్లనుండియే పోయినదని మేము చెప్పుటలేదు. మన వివరములకు బజారులో వెల యున్నదనుటకు మాత్ర మిది చాలును. ఇఁక ఉచిత పనిముట్ల విషయమున, 2025 మార్చిలో అమెరికాలోని ఎఫ్.బి.ఐ. డెన్వరు శాఖవారు ప్రత్యేకముగ హెచ్చరించిరి. ఫైళ్లను మార్చి యిచ్చెద మను వెబ్‌సైట్లు కొన్ని మాయ సాఫ్టువేరును కంప్యూటర్లలోనికిఁ జొప్పించుచున్నవనియు, వేసిన కాగితములలోని పేర్లు, నంబర్లు ఏఱుకొనుచున్నవనియు వారు చెప్పిరి.

అయితే ఏది యే తెగకుఁ జెందినదో గృహిణి యెట్లు కనిపెట్టఁగలదు? అందులకు ఇంజనీరింగు చదువక్కఱలేదు. చింతకాయ పచ్చడి చేయు విధము వ్రాసిన కాగితము వంటి, పోయినను చింతలేని ఫైలు నొకదానిని తీసికొనుఁడు. ప్రైవేటు కిటికీలో ఆ వెబ్‌పేజీని తెఱచి, పూర్తిగా వచ్చినపిమ్మట వైఫైని, మొబైల్ డేటాను ఆపివేయుఁడు. ఇప్పుడా కాగితము నందులో వేయుఁడు. పని జరిగినచో ఆ పనిముట్టు మన యింట కూర్చుండి కుట్టునదే. కదలక చక్రము త్రిప్పుచు నిలిచినచో దానికి బయటి సర్వరు కావలెనన్నమాట. అసలు కాగితమును సైతము ఇంటర్నెట్టు ఆపియే వేసి, పని ముగిసినంతట ఆ కిటికీని మూసివైచి, ఆ తరువాతనే ఇంటర్నెట్టును తిరిగి తెఱవవలెను. లేనిచో ఆగినది మరల పోవుట కవకాశము కలదు.

తఱచు పనులకు క్రొత్త వెబ్‌సైటే అక్కఱలేదని మా యభిప్రాయము. కంప్యూటరులో క్రోము బ్రౌజరుతో పి.డి.యఫ్.ను తెఱచి, ముద్రణకుఁ బోయి, ప్రింటరునకు బదులు ‘సేవ్ యాజ్ పి.డి.యఫ్.’ ఎంచుకొని, కావలసిన పుటల సంఖ్యలు వేసినచో, నలువది పుటల దస్తావేజునుండి రెండు పుటలు విడిగ వచ్చును. ఫారము మీఁద వ్రాయవలసినచో ఫైర్‌ఫాక్సు చాలును. 2022 అక్టోబరులో వచ్చిన 106వ కూర్పునుండి అందులో పి.డి.యఫ్. మీఁద అక్షరములు చేర్చుటకును, గీయుటకును వీలున్నది. ఫొటో తగ్గించుటకు గూగులు క్రోము బృందమువారి ‘స్క్వూష్’ అను పనిముట్టు కలదు. అది ఖాతా నడుగదు. ఫొటోను మన బ్రౌజరులోనే చిన్నది చేయును. బడి ఫారములకు దానికంటె నెక్కువ కావలసినది లేదు.

ఆధారు సంగతి వేఱుగ చెప్పవలెను. 2022 మే 27న ఆధారు సంస్థ బెంగుళూరు ప్రాంతీయ కార్యాలయము, ఆధారు నకళ్లను ఎవరికిఁ బడిన వారికి ఇయ్యవలదనియు, కడపటి నాలుగంకెలు మాత్రమే కనఁబడు ‘మాస్క్‌డ్ ఆధారు’ నిమ్మనియు ప్రకటించెను. అపార్థమునకుఁ దావిచ్చునని రెండు దినములకే కేంద్ర ప్రభుత్వ మా ప్రకటనను వెనుకకుఁ దీసికొని, జనులు మామూలు వివేకముతో మెలఁగినఁ జాలు ననెను. ప్రకటన పోయినను ఆ మాస్క్‌డ్ ఆధారు పోలేదు. అది ఆధారు సంస్థవారి వెబ్‌సైటులోనే, ఫోనుకు వచ్చు ఓ.టి.పి.తో దొరకును. ఇంటి యజమాని కది చూపి చూడుఁడు. పూర్తి నంబరు తప్పక కావలెనన్నచో నెందులకో యడుగుఁడు. డౌన్‌లోడు చేసిన ఆధారు ఫైలు పాస్‌వర్డు, పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరములు, వానివెంట పుట్టిన సంవత్సరము. మన పేరును, వయస్సును ఎఱిఁగిన యే చుట్టమైనను దానిని తెఱవఁగలఁడు కనుక ఆ తాళమును నమ్మి ఫైలును ఊరెల్ల పంపరాదు.

నంబరు కనఁబడకుండ పి.డి.యఫ్. మీఁద నల్లని పెట్టె గీయుట మఱియొక భ్రమ. చాల పనిముట్లలో ఆ పెట్టె క్రింద అక్షరము లట్లే యుండును. దానిని తొలఁగించినను, ఆ చోటు కాపీ చేసి వేఱొకచోట అతికించినను బయటపడును. కావున ఆ పుటను స్క్రీన్‌షాటు తీసి బొమ్మగ మార్చి, ఆ బొమ్మ మీఁద దట్టమైన నలుపు పూసి, దానినే పంపవలెను. హైలైటరు పనికిరాదు, వెలుతురు పెంచినచో అంకెలు అగపడును. ఇచ్చు నకలు మీఁద అడ్డముగ, ‘అద్దె ఒప్పందము నిమిత్తము మాత్రమే’ యని తేదీతో వ్రాయుట మంచి యలవాటు.

స్త్రీల కాగితములలో ఆసుపత్రి స్కానింగులు, గర్భిణీ పరీక్షల ఫలితములు, వివాహ పత్రములు, కొన్ని యిండ్లలో విడాకుల కాగితములు నుండును. ఇవి యెవరు చూడవలెనో, ఎవరు చూడరాదో నిర్ణయించుట ఆమె సొంత వ్యవహారము. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఆ హక్కును పుట్టస్వామి యను విశ్రాంత న్యాయమూర్తి పిటిషను మూలమున మనము పొందితిమి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము సైతము వచ్చినది. అయినను మనమే స్వహస్తముతో ఎక్కడనో వేసి వచ్చిన స్కానింగును చట్టము వెదకి తెచ్చి యిచ్చుట సులభము కాదు.

ఇఁక వీధిచివరి జిరాక్సు దుకాణము. ప్రింటు కావలెనన్నచో దుకాణదారుఁడు తన వాట్సాపు నంబరునకు పంపుమనును. వీలైనచో పెన్‌డ్రైవు తీసికొనిపోవుట మేలు. పంపక తప్పనిచో, ప్రింటు చేతికి వచ్చినపిమ్మట మన ఫోనునుండి ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కి, అతని కంప్యూటరులోని డౌన్‌లోడుల పెట్టెనుండియు, చెత్తబుట్టనుండియు మన యెదుటనే తీసివేయుమని యడుగవలెను. కొందఱు విసుగుకొందురు. డబ్బు లా తరువాతనే యిచ్చినచో త్వరగా తీసివేయుదురు.