ప్రళయము తరువాత మిగులునదేమి?

నేటి యువ పాఠకులు మిక్కిలి ఇష్టపడి చదువు నవలలలో ఒక తరగతి కలదు. యుద్ధము వలననో, అంటువ్యాధి వలననో, వాతావరణము చెడిపోవుట వలననో లోకము కూలిపోయి ఉండును. పట్టణములు పాడుపడి, తిండిగింజలు కరవై, మిగిలినవారిపై ఒక క్రూర ప్రభుత్వము పెత్తనము చేయుచుండును. అట్టి కాలమున పదునారు, పదునేడేండ్ల బాలిక యొకతె అతీతశక్తి గలదై నిలిచి ఎదిరించును. 2011లో వెలువడిన తహెరె మాఫీ నవల ‘షాటర్ మీ’లో కథానాయిక జూలియెట్ తాకినంతనే మనుష్యుల ప్రాణము పోవును. 2015లో వెలువడిన విక్టోరియా అవెయార్డ్ నవల ‘రెడ్ క్వీన్’లో మేర్ అను బాలిక మెరుపులను పుట్టించి ప్రయోగించును.

ఈ ఊహ కొత్తది కాదు. 1826లోనే మేరీ షెల్లీ ‘ది లాస్ట్ మాన్’ అను నవలలో మహమ్మారి వలన మానవజాతి అంతరించుటను వర్ణించినది. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ అను తెలుగు చలనచిత్రము కూడ ఇట్టి లోకమునే చూపినది. భాగవతము నందలి మత్స్యావతార కథ మనకు చిరపరిచితము. అందు సత్యవ్రతుడు ప్రళయకాలమున ఓడలోనికి చేర్చుకొన్నవి ఓషధులు, బీజములు, సప్తర్షులు. అనగా విత్తనములు, వాటిని గూర్చి తెలిసినవారు.

ఇట్టి నవల చదివిన విద్యార్థికి రెండు ప్రశ్నలు తోచును. అట్టి శక్తి మానవదేహమునకు సాధ్యమా? లోకము నిజముగా కూలినచో, తిరిగి నిలబెట్టుటకు కావలసినవి ఏవి? మొదటిదానికి భౌతికశాస్త్రము సమాధానము చెప్పును. రెండవదానికి సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. 2016 వరకు ఒకే కరీంనగరు జిల్లాలో ఉండిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను పరిశీలించిన చాలును.

మెరుపును మోయగల దేహము ఉన్నదా?

శక్తి శూన్యము నుండి పుట్టదు; ఒక రూపము నుండి మరియొక రూపమునకు మారును. మనకు శక్తి ఆహారము నుండి వచ్చును. దినమునకు 2000 కిలోకెలోరీల ఆహారము తిను బాలికకు లభించు శక్తి సుమారు 84 లక్షల జౌళ్లు. ఒక పిడుగులో వెలువడు శక్తి సుమారు 100 కోట్ల జౌళ్లు. భాగించి చూచినచో, ఒక్క పిడుగును పుట్టించుటకు దాదాపు 120 దినముల తిండి కావలెను. అదియును ఆమె నడువక, ఊపిరి పీల్చక, ఆ శక్తినంతయు దాచుకొన్నప్పుడే!

అయినను ఈ ఊహకు ప్రకృతిలో చిన్న ఆధారము లేకపోలేదు. మన నరముల కణపు పొరకు ఇరువైపుల సుమారు 0.07 వోల్టు విద్యుత్ పీడనము ఉండును. దక్షిణ అమెరికా నదులలోని విద్యుత్ మలుగుచేపలో ఇట్టి కణములు వేలకొలది, టార్చిలైటులోని బ్యాటరీల వలె, ఒకదాని వెనుక నొకటిగా అమరి ఉన్నవి. 2019లో శాస్త్రజ్ఞులు అట్టి చేప ఒకటి 860 వోల్టుల వరకు పుట్టించుటను కొలిచిరి. మన కణములకు ఆ అమరిక లేదు. చేప పుట్టించు దెబ్బ కూడ సెకనులో అత్యల్ప భాగము మాత్రమే నిలుచును.

మానవదేహమునకు ఉన్న నిజమైన శక్తి వేరొకటి. అది పరిస్థితులకు అలవాటుపడు శక్తి. జగిత్యాల జిల్లాకు పొరుగున ఉన్న నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కినది. శిఖరముపై గాలి పీడనము సముద్రమట్టముననున్న దానిలో మూడవ వంతు మాత్రమే. ఎత్తైన చోట్ల కొన్ని వారములు గడపినచో మూత్రపిండములు ఒక హార్మోనును ఎక్కువగా విడుదల చేయును. దానివలన రక్తములో ఎర్రకణములు పెరిగి, ఉన్న కొద్ది ప్రాణవాయువునే సమర్థముగా మోయును. ఇది పుట్టుకతో వచ్చిన మహిమ కాదు. శిక్షణ వలన, క్రమముగా ఎత్తునకు అలవాటుపడుట వలన లభించునది.

జగిత్యాల: విత్తనము

కూలిన లోకములో మొదట కావలసినది తిండి. తిండికి విత్తనము మూలము. విత్తనము ప్రాణి, నిద్రించుచున్న ప్రాణి. అది ఎంతకాలము బ్రతుకునన్నది తేమ, వేడి అను రెండింటిపై ఆధారపడి ఉండును. కొన్ని హద్దులలో, విత్తనములోని తేమ నూటికి 1 వంతు తగ్గిన ప్రతిసారి దాని ఆయువు ఇంచుమించు రెట్టింపగును. నిలువచేయు చోటి ఉష్ణోగ్రత 5 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గినను అట్లే జరుగును. మన పెద్దలు గింజలను బాగుగా ఎండబెట్టి, గాలి చొరని పాత్రలలో దాచుటకు కారణమిదియే. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవిలో 2008లో ప్రారంభమైన విత్తన భాండాగారములో ఉష్ణోగ్రతను సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద ఉంచుదురు. సిరియా యుద్ధము వలన అలెప్పో సమీపమునందలి విత్తన నిధి అందుబాటులో లేకపోగా, 2015లో శాస్త్రజ్ఞులు స్వాల్‌బార్డ్‌లో దాచిన తమ విత్తనములను వెనుకకు తీసికొని తిరిగి పండించిరి. అచ్చట ప్రళయము కథ కాదు.

అయితే ఏ విత్తనమైనను పనికిరాదు. సంకర విత్తనపు పంట నుండి తీసిన గింజలను మరల నాటినచో లక్షణములు చెదరిపోవును; ఏటేట కొత్త విత్తనము కొనవలెను. వరి స్వపరాగ సంపర్కము జరుపుకొను పైరు గనుక, సూటి రకపు వరి గింజలను కొన్నేండ్లు దాచి నాటుకొనవచ్చును. జగిత్యాల వద్ద పొలాసలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానము రూపొందించిన ‘జగిత్యాల సన్నాలు’ అట్టి సూటి రకము. దాని గింజ సన్నము. అది ఉల్లికోడును తట్టుకొనును. ఉల్లికోడు దోమవంటి చిన్న పురుగు. దాని పిల్లపురుగు పిలకలోనికి దూరినచో, ఆ పిలక వెన్ను వేయక ఉల్లికాడ వలె గొట్టమై పోవును. ఒక గింజలో ఇట్టి గుణములను కూర్చుటకు ఏండ్ల తరబడి సంకరపరచి, ఎన్నుకొని, పరీక్షింపవలెను. అతీతశక్తి గల బాలిక ఈ పనిని ఒక దినములో చేయలేదు.

కోరుట్ల: కాగితము

రెండవది జ్ఞాపకము. ఏ విత్తనము ఎప్పుడు నాటవలెనో, ఏ మందు ఏ జబ్బుకో వ్రాసి ఉంచనిచో తరువాతి తరము మొదటి నుండి నేర్చుకొనవలెను. నేడు మన వ్రాతలలో అధిక భాగము యంత్రములలో ఉన్నది. విద్యుత్తు లేనిచో వాటిని చదువుట అసాధ్యము. కాగితమునకు పగటి వెలుతురు చాలును.

హైదరాబాదు సంస్థానపు రోజులలో కోరుట్ల చేతి కాగితమునకు పేరు పొందినది. చాలకాలము మన్నును గనుక పట్వారీలు తమ లెక్కల పుస్తకములకు దానిని వాడెడివారు. ఈ మన్నికకు కారణము రసాయన శాస్త్రము చెప్పును. మన దేశపు చేతి కాగితమును సామాన్యముగా పాత గుడ్డలు, గోనెలు, జనపనార త్రాళ్లతో చేసెడివారు. వాటిని సున్నపు నీటిలో నానబెట్టి, దంచి, గుజ్జును నీటిలో కలిపి జల్లెడవంటి తెరపై పలుచగా తేల్చుదురు. నీరు ఇంకిపోవుకొలది నారపోగులు దగ్గరై, ఉదజని బంధముల వలన ఒకదానికొకటి అంటుకొనును. జిగురు అవసరము లేదు. గుడ్డల పోగులు పొడవైనవి గనుక కాగితము గట్టిగా ఉండును. మిగిలిన సున్నపు అంశము ఆమ్లమును అణచును. పందొమ్మిదవ శతాబ్దము నుండి వచ్చిన కొయ్యగుజ్జు కాగితములో పటిక వాడుట వలన ఆమ్లము నిలిచి, పోగులను త్రుంచివేయును. పాత పుస్తకముల పుటలు గోధుమరంగు తిరిగి పొడిపొడి యగుటకు అదియే హేతువు.

చౌకయైన మిల్లు కాగితము వచ్చిన పిమ్మట కోరుట్ల చేతి కాగితము క్షీణించినది. దీనికి యుద్ధము గాని మహమ్మారి గాని కారణము కాదు. కొనువారు తగ్గిరి, తండ్రి నేర్చిన పనిని కొడుకు నేర్చుకొనవలసిన అవసరము పోయినది. ఒక విద్య అంతరించుటకు ఒక తరము నేర్వకపోయిన చాలును.

సిరిసిల్ల: వస్త్రము

మూడవది బట్ట. సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. మగ్గము ఏదైనను చేయు పనులు మూడు: పడుగు దారములను పైకి క్రిందికి విడదీయుట, ఆ సందున నాడెతో పేకను పంపుట, పంపిన పేకను వెనుకకు నెట్టి బిగించుట. చేమగ్గముపై ఈ మూడింటిని నేతగాని కాలుసేతులు చేయును. మరమగ్గముపై విద్యుత్ మోటారు చేయును. విద్యుత్తు ఆగినచో రెండవది నిలిచిపోవును. మరమగ్గములపై విరివిగా నేయు పాలియెస్టరు నూలు పెట్రోలియము నుండి వచ్చునది గనుక, చమురు ఆగినను పని ఆగును. పత్తి, చేమగ్గము ఉన్నచో పని సాగును. కాని చేమగ్గముపై నేయుట తెలిసినవారు ఉండవలెను.

సిరిసిల్లలో మరమగ్గములు పెరిగినకొలది చేమగ్గములు తగ్గిపోయినవి. మరమగ్గపు పని కూడ కొనువారిపైననే ఆధారపడినది. 2017 నుండి ప్రభుత్వము బతుకమ్మ చీరలను ఇచ్చట పెద్ద సంఖ్యలో నేయించినది. 2024లో ఆ చీరల పంపకము జరుగనందున అనేక మగ్గములకు పని తగ్గినది. మగ్గము చెడలేదు, నేతగాడు పని మరువలేదు. అయినను మగ్గము నిలిచినది. పని లేని నేర్పు ఎంతకాలము నిలుచునో కోరుట్ల కాగితము చెప్పుచున్నది.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ విషయమును మూడు సులభ ప్రయోగములతో బోధింపవచ్చును. ఇంటిలో నిలువయున్న వడ్లలో 100 గింజలను ఎంచి, తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరిపోకుండ నీరు చిలుకరించుచు వారము తరువాత మొలకలు లెక్కింపవలెను. వచ్చిన సంఖ్యయే మొలక శాతము. రెండవది: పాత నోటుపుస్తకపు కాగితములను నానబెట్టి, మెదిపి, దోమతెరపై తేల్చి ఆరబెట్టినచో కొత్త కాగితము వచ్చును. మూడవది: అట్ట ముక్కకు గాట్లు పెట్టి, దారములు చుట్టి, సూదితో పేక నల్లినచో చిన్న బట్ట తయారగును.

ఆ పిమ్మట ప్రతి విద్యార్థియు తన ఇంటిలోని అవ్వతాతలకు తెలిసి, తనకు తెలియని పని ఒకదానిని అడిగి, ఏ సామగ్రితో, ఏ వరుసలో చేయుదురో పుస్తకములో వ్రాసికొని రావలెను. ఆ వ్రాత చూచి వేరొక విద్యార్థి ఆ పనిని చేయగలిగిన యెడల, అది సరిగా వ్రాసినట్లు.