శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య...

గుడ్‌ఫ్రైడే అందరికీ తెలుసు. యేసు సిలువమీద ప్రాణం విడిచిన రోజు. ఈస్టరూ తెలుసు. సమాధి గెలిచి లేచిన రోజు. మరి ఆ రెంటికీ మధ్య వచ్చిన శనివారం? ఆరోజు ఏం జరిగింది? 'ఏమీ జరగలేదు' అంటారు చాలామంది. 'అదే అసలు విశేషం' అంటారు సెవెన్త్ డే అడ్వెంటిస్టులు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో వారానికోసారి పనికి సెలవిచ్చి మరీ ఆ శనివారాన్ని తలచుకునే కుటుంబాలున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం నుంచే ఆ ఇళ్లల్లో హడావుడి. ఇల్లు కడగడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, మర్నాటి వంటకు కావాల్సినవన్నీ ముందే సిద్ధం చేసుకోవడం... ఏదైనా పొద్దుగూకేలోపే అయిపోవాలి. గడియారంతో పన్లేదు, సూర్యుడే లెక్క. డిసెంబరులో అయితే ఐదున్నర దాటగానే, జూన్‌లో అయితే ఆరున్నర దాటాక... పొద్దు వాలిందంటే సబ్బాతు మొదలైనట్టే. టీవీ ఆగిపోతుంది. కొట్టుంటే షట్టరు దిగిపోతుంది. ఇంటిల్లిపాదీ చాప పరుచుకుని కూర్చుంటారు. ఓ పాట, ఓ ప్రార్థన, బైబిలులోంచి నాలుగు మాటలు. మళ్లీ శనివారం పొద్దుగూకేదాకా సంపాదన ఊసే ఉండదు.

మామూలుగా శనివారమంటే మన ఊళ్లల్లో ఏడుకొండలవాడి రోజు. ఒంటిపూట భోజనాలు, గుడిముందు బారులు. అదే వీధిలో మరో ఇంటివాళ్లు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బైబిలు చేతపట్టుకుని చర్చికి బయల్దేరతారు. 'ఇవాళ ఆదివారం కాదుగా!' అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతే 'మాది సబ్బాతు సంఘమండీ' అన్నది జవాబు. రొయ్యల చెరువులున్న సీమలో రొయ్యా, పీతా ముట్టరు. పొగాకు పండిన జిల్లాలో చుట్ట వెలిగించరు. కానీ వాళ్లని అందరూ గుర్తుపట్టేది మాత్రం శనివారంతోనే.

నిరాశలోంచి పుట్టిన నిరీక్షణ

గుంటూరు సీమకు క్రైస్తవం కొత్త కాదు. కథోలికులు ఎప్పట్నుంచో ఉన్నారు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరడంతో లూథరన్ల సేవ మొదలైంది. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. వీళ్లందరికీ ఆరాధన ఆదివారమే. క్రీస్తు లేచిన రోజు కాబట్టి అదే ప్రభువు దినమన్నది వాళ్ల నమ్మకం.

అడ్వెంటిస్టుల కథ అమెరికాలో మొదలైంది. విలియం మిల్లర్ అనే రైతు బోధలతో కదిలిన వేలమంది 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగొస్తాడని ఎదురుచూశారు. కొందరు పొలాల్లో పంట కోయడం కూడా మానేశారు. ఆయన రాలేదు. చరిత్రలో దాన్ని 'మహా నిరాశ' అంటారు. చాలామంది విసిగి వెళ్లిపోయారు. మిగిలిన కొద్దిమంది మళ్లీ బైబిలు తెరిచారు. తేదీలు పెట్టడం మానుకున్నారు కానీ రాకడమీద ఆశ వదులుకోలేదు. పది ఆజ్ఞల్లో నాలుగోది ఏడోరోజు గురించే చెబుతోందంటూ శనివారాన్ని పాటించడం మొదలుపెట్టారు. 1863లో ఓ సంఘంగా ఏర్పడ్డారు. 'సెవెన్త్ డే' అంటే ఏడోరోజు, 'అడ్వెంట్' అంటే రాకడ. ఆ రెండూ కలిసే సంఘం పేరైంది.

1895లో జార్జియా బరస్ అనే యువతి కలకత్తాలో దిగింది. తెలుగునాట 1925లో నూజివీడులో సంఘం ఆస్పత్రి మొదలైంది. అదే గిఫర్డ్ మెమోరియల్.

సంఘం ఆరంభకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ 1898లో యేసు జీవితం మీద 'ది డిజైర్ ఆఫ్ ఏజెస్' పుస్తకం వెలువరించింది. 87 అధ్యాయాలు. రోజుకో గంట యేసు జీవితాన్ని తలచుకోమని, ఒక్కో సన్నివేశాన్నీ కళ్లముందు ఊహించుకోమని అందులో సలహా ఇచ్చింది. ముఖ్యంగా చివరి ఘట్టాలని. అడ్వెంటిస్టు ఇళ్లల్లో ఉదయం ధ్యానాలకు ఆ మాటే దారి.

ఏడుగురి కథ

సువార్తల్ని వరసగా చదువుతూ శనివారం వచ్చిన ప్రతిచోటా ఆగి చూస్తే ఓ సంగతి తెలుస్తుంది. యేసు తన అలవాటు చొప్పున సబ్బాతునాడు సమాజమందిరానికి వెళ్లేవాడని లూకా రాశాడు. కానీ అక్కడితో ఊరుకోలేదు. ఆ రోజే రోగుల్ని బాగుచేశాడు. సువార్తల్లో అలాంటివి ఏడు కనిపిస్తాయి. కపెర్నహూము సమాజమందిరంలో దయ్యం పట్టినవాడు, అదేరోజు జ్వరంతో పడున్న పేతురు అత్త, చెయ్యి ఎండిపోయినవాడు, నడుము వంగిపోయిన స్త్రీ, జలోదర రోగి, బేతెస్ద కోనేటి దగ్గర మంచం పట్టినవాడు, పుట్టుగుడ్డి.

ఇక్కడే ఓ ప్రశ్న. కోనేటి దగ్గరున్నాయన జబ్బు ముప్పయ్యెనిమిదేళ్లది. ఆ స్త్రీ నడుము వంగిపోయి పద్దెనిమిదేళ్లు. ఇన్నేళ్లు ఆగినవాళ్లు ఇంకొక్కరోజు ఆగలేరా? ఆదివారం వచ్చి బాగుచేస్తే ఏ గొడవా ఉండేది కాదుగా? సమాజమందిరపు అధికారి అడిగిందీ అదే. మిగతా ఆరు రోజులూ ఉన్నాయిగా, అప్పుడు రండి అన్నాడు.

దానికి యేసు ఇచ్చిన జవాబు పశువుల్ని పెంచే రైతు ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. సబ్బాతైనా సరే మీ ఎద్దుని కట్టు విప్పి నీళ్లకు తోలుకెళ్తారు కదా, మరి ఈమె కట్టు విప్పకూడదా అని అడిగాడు. దీన్నిబట్టి అడ్వెంటిస్టులు చెప్పేదేమంటే... సబ్బాతు కట్టేసే రోజు కాదు, కట్లు విప్పే రోజు. అందుకే సంఘం ఆస్పత్రుల్లో శనివారమైనా రోగిని చూడకుండా పంపరు. చర్చి అయ్యాక మధ్యాహ్నాలు మంచాన పడ్డవాళ్లని పలకరించడానికి వెళ్లడం వాళ్ల ఆనవాయితీ.

పనలమీద వాన పడితే?

చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. పాటించడమే కష్టం. డెల్టాలో నవంబరు, డిసెంబరు వరికోతల కాలం. తుపాన్ల కాలమూ అదే. శుక్రవారం కోసిన చేను పనలమీదుంది. శనివారం పొద్దున్నే ఆకాశం మబ్బేసింది. సబ్బాతు పాటించే రైతు ఏం చేయాలి?

గొర్రె సబ్బాతునాడు గోతిలో పడితే పైకి తీయరా అని యేసే అడిగాడు. మరి తడిసిపోబోతున్న పనలు గోతిలో పడ్డ గొర్రెతో సమానమేనా? ప్రాణమున్న జీవిని కాపాడటం వేరు, పంట దక్కించుకోవడం వేరు అని ఒక వాదం. ఏడాది తిండిగింజలు పోతే పిల్లలు పస్తులుంటారు, అదీ ప్రాణమే కదా అని ఇంకో వాదం. ఆరాధనకు ముందు జరిగే సబ్బాతు బడిలో ఇలాంటి చర్చలకే చోటు. ప్రపంచమంతటా సంఘానికి ఒకే త్రైమాసిక పాఠం ఉంటుంది. కానీ రేపల్లె రైతుకు, అమెరికా ఉద్యోగికి ప్రశ్న ఒక్కటే కాదు. కుప్పమీద బరకం కప్పి చర్చికి వెళ్లేవాళ్లుంటారు. 'ఇచ్చినవాడే చూసుకుంటాడు' అని అదీ చేయనివాళ్లుంటారు.

రోజుకూలీది మరో చిక్కు. తెనాలి అడ్డామీద నిలబడే తాపీమేస్త్రికి శనివారం పనుంటుంది. ఆదివారం ఉంటుందన్న భరోసా లేదు. అంటే వారంలో ఐదురోజుల కూలితోనే ఇల్లు గడవాలి. చదువుకునే పిల్లలకు బడి శనివారమూ ఉంటుంది. పరీక్ష ఆరోజే పడితే బతిమాలుకోవాలి, లేదంటే ఆ పరీక్ష వదులుకోవాలి. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవయ్యాయి. మిగతా శనివారాల మాటేమిటి? ఉద్యోగ ప్రకటన చూసినప్పుడు అందరూ జీతమెంతో చూస్తే, వీళ్లు సెలవురోజేదో కూడా చూసుకోవాలి. ఇంట్లో అందరూ ఒకే మాటమీద ఉంటారనీ లేదు. అమ్మ వద్దంటుంది. ఈ ఒక్కసారికీ పోనీలెమ్మంటాడు నాన్న. చివరికి తేల్చుకోవాల్సింది హాల్‌టిక్కెట్టు చేతిలో పట్టుకున్న పిల్లే.

ఆ శనివారం...

1977 నవంబరు 19. అదీ శనివారమే. కృష్ణకు అవతలున్న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఇవతల రేపల్లె, బాపట్ల తీరమూ అల్లాడిపోయింది. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేలమంది. బాపట్లలో గుడిసెలు వదిలి ఓ చర్చిలో తలదాచుకున్నవాళ్లమీద ఆ కట్టడమే కూలిపోయింది. వందమంది దాకా దానికింద పడిపోయారు.

యేసు గలిలయ సముద్రంలో తుపానుని గద్దించి ఆపాడన్న కథ ఏ ఊళ్లోనైనా చెప్పడం తేలిక. బాపట్లలో అంత తేలిక కాదు. దేవుడి గుడిలోకి వెళ్లినవాళ్లకే అలా ఎందుకైంది? ఈ ప్రశ్నకు సంఘం ఏదైనా, బోధకుడెవరైనా తడుముకోవాల్సిందే.

అడ్వెంటిస్టులు అలాంటప్పుడు తుపాను కథకన్నా ముందు సమాధి కథ తీస్తారు. యేసు చనిపోయింది శుక్రవారం. పొద్దుగూకేలోపు అరిమతయియ యోసేపు హడావుడిగా దేహాన్ని సమాధిలో ఉంచాడు. వెంట వచ్చిన స్త్రీలు సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకున్నారు. కానీ సబ్బాతు రావడంతో వాటిని పక్కనపెట్టి ఆగిపోయారు. తమవాడు పోయాడు. కడసారి చేయాల్సిన పని కూడా మిగిలిపోయింది. మర్నాడు ఏం జరగబోతోందో వాళ్లకు తెలీదు. ఆ శనివారం పొడవునా ఆకాశం నుంచి ఒక్క మాట లేదు. యేసు కూడా సమాధిలో మౌనంగా ఉన్నాడు. సృష్టి ముగించి ఏడోరోజు విశ్రమించినవాడు, రక్షణ కార్యం ముగించి మళ్లీ అదేరోజు విశ్రమించాడన్నది అడ్వెంటిస్టుల ధ్యానం.

చావుని వాళ్లు నిద్ర అంటారు. ఆ మాట యేసూ వాడాడు. బేతనియలో లాజరు చనిపోతే నిద్రపోతున్నాడని శిష్యులతో అన్నాడు. అలాగని కన్నీళ్లు వద్దనలేదు. ఆ సమాధి దగ్గర తానే ఏడ్చాడు. నాలుగు రోజుల తర్వాత లేచొచ్చిన లాజరు ఆ నాలుగు రోజులూ ఎక్కడున్నాడో, ఏం చూశాడో చెప్పినట్టు సువార్తలో ఒక్క ముక్క లేదు. నిద్రపోయినవాడికి ఏం తెలుస్తుందంటారు వీళ్లు. చనిపోయినవాళ్ల ఆత్మ వెంటనే దేవుణ్ని చేరుతుందని మిగతా సంఘాలు చాలావరకు నమ్ముతాయి. వీళ్లు మాత్రం, పోయినవాళ్లు నొప్పీ బాధా లేకుండా నిద్రలో ఉన్నారని, రాకడనాడు పేరు పెట్టి పిలిస్తే లేస్తారని నమ్ముతారు. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఏ మాటా సరిపోదు. అయినా 'పడుకున్నాడమ్మా, లేపుతాడు' అన్నమాట పట్టుకుని బతికేవాళ్లున్నారు.

అందుకే వాళ్లకు శనివారమంటే సెలవు మాత్రమే కాదు. చేయాల్సింది మిగిలిపోయినా, జవాబు రాకపోయినా, ఒకరోజు చేతులు కట్టుకుని నమ్మకంగా కూర్చోగలగడం. ఆ స్త్రీలు చేసింది అదే.

మర్నాడు ఆదివారం తెల్లవారుజామున వాళ్లు ఆపిన పని పూర్తిచేయడానికే బయల్దేరారు. సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లారు. అక్కడ రాయి పక్కకు దొర్లించి ఉంది. సమాధి ఖాళీగా ఉంది.

ఇక్కడా అంతే. ఊరంతా ఆదివారం నిద్ర లేవకముందే సబ్బాతు సంఘం మేస్త్రి తాపీ, మట్టపుగొట్టం సంచిలో వేసుకుని పనికి బయల్దేరతాడు. లూథరన్ చర్చి గంట అప్పుడే మోగుతుంటుంది. దారిలో ఎదురైన పక్కింటాయన 'ఏమయ్యా, ఆదివారం కూడా పనేనా?' అంటాడు. మేస్త్రి నవ్వుతాడు. ఆయన విశ్రాంతి నిన్ననే అయిపోయింది మరి!