అయస్కాంతానికి కాంతి పరీక్ష

గాజులా పారదర్శకంగా ఉండాలి, చిప్‌లా పనిచేయాలి, పైగా అయస్కాంతమూ కావాలి! జింక్ ఆక్సైడ్ అనే అర్ధవాహకంలో మాంగనీసు కలిపితే గది ఉష్ణోగ్రతలోనే అది సాధ్యమని 2000లో టోమాష్ డీటిల్ బృందం అంచనా వేసింది. కరెంటు పోయినా సమాచారం మరచిపోని చిప్‌లకు దారి దొరుకుతుందని ఆశ. 2001లో జపాన్ పరిశోధకులు కోబాల్టు కలిపిన టైటానియం డయాక్సైడ్ పలుచటి పొరలో ఆ గుణం చూశామన్నారు.

చిక్కేంటంటే, కోబాల్టు లోపల ముద్దకట్టినా పొర అయస్కాంతంలాగే కనిపిస్తుంది! గుట్టు విప్పేది కాంతే. అయస్కాంత క్షేత్రంలో పొర మీదికి కుడికీ ఎడమకీ సుడితిరిగే కాంతిని పంపి, దేన్ని ఎంత పీల్చుకుందో కొలుస్తారు. అర్ధవాహకం సహజంగా కాంతిని పీల్చే చోట, అంటే జింక్ ఆక్సైడ్‌కైతే సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఆ తేడా కనిపించి అయస్కాంతత్వంతోపాటే మారితే గుణం దానిదే. లేకుంటే ముద్దల మీదే అనుమానం!