రెండు పోర్షన్ల ఇంటికి ముందు వేయాల్సిన లెక్క

పటాన్‌చెరు, సంగారెడ్డి పాత వీధుల్లో రేకుల ఇల్లు తీసేసి కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లు వేద్దామనుకునేవాళ్లు మేస్త్రీని మొదట అడిగేది ‘అడుగుకు ఎంత?’ అని. అసలు ఎన్ని అడుగులు దక్కుతాయో ముందు చూసుకోవాలి.

150 గజాల స్థలం తీసుకుందాం. 30×45, అంటే 1,350 చదరపు అడుగులు, మీటర్లలో 125. పాత ఇళ్లు చాలావరకు గోడకు గోడ ఆనించి కట్టినవే. కొత్తదానికి ఆ వీలు లేదు. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం ఈ కొలత స్థలంలో, 12 మీటర్ల లోపు రోడ్డు మీద, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. వెడల్పు 30 నుంచి ఇరవై మూడున్నరకు, పొడవు 45 నుంచి 37కు దిగుతుంది. అంతస్తుకు దక్కేది సుమారు 860 అడుగులు. మెట్లు, గోడల మందం అందులోనే. డబుల్ బెడ్‌రూం పడుతుంది. మూడో గది ఆశ వదులుకోవాలి.

2020 టీఎస్ బీపాస్ చట్టంతో ఇలాంటి ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. ప్లాను దాటితే నోటీసు లేకుండా కూల్చే అధికారాన్నీ అదే చట్టం ఇచ్చింది. ‘పక్కింటివాళ్లు వదిలారా?’ అంటే కుదరదు.

ఇక నేల. ఇక్రిశాట్ ఉన్న ఈ ప్రాంతంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పాత గోడలో కిటికీ మూల నుంచి ఏటవాలు పగులుంటే కూల్చకముందే ఇంజినీరుకు చూపించండి. రేకులు మోసిన పునాది మీద రెండు స్లాబులు వేయమని ఎవరు చెప్పినా వినొద్దు.

నీళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. నక్కవాగుతో పాటు భూగర్భ జలాలూ దెబ్బతిన్నాయి. ‘తాగడానికి పనికిరాకున్నా కట్టడానికి చాలు’ అని బోరు నీళ్లు వాడితే, ఉప్పు ఎక్కువైన చోట కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టి, స్లాబు కింది పెచ్చులు ఊడతాయి. కాంక్రీటు పనికి ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం లీటరులో క్లోరైడు 500, సల్ఫేట్లు 400 మిల్లీగ్రాములు మించకూడదు. పీహెచ్ 6కు తగ్గకూడదు. ఒక సీసాడు నీళ్లు ల్యాబుకు పంపితే తేలిపోతుంది. పరీక్షలో తప్పితే ట్యాంకరు తెప్పించండి, క్యూరింగ్‌కు కూడా: పీపీసీ సిమెంటయితే కనీసం 10 రోజులు తడి ఆరకూడదు.