బుజ్జి కూనకు భయంలేని లాల

ఆదివారం పొద్దున చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమే ఇది. కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల సోఫా కింద దూరి ఉంటుంది. నాన్న మెడపట్టీ పట్టుకుని బయటకు లాగుతుంటారు. అమ్మ తువ్వాలుతో బాత్‌రూమ్‌ తలుపు దగ్గర కాపు కాస్తుంది. పిల్లలు ‘పట్టుకో, పట్టుకో’ అంటూ చుట్టూ గంతులేస్తుంటారు. పది నిమిషాల్లో స్నానం అయిపోతుంది. ఇల్లంతా తడిసిపోయినా అందరూ నవ్వుకుంటారు. ఆ పది నిమిషాల్లో కూన నేర్చుకున్నది మాత్రం ఒక్కటే. బాత్‌రూమ్‌ అంటే పారిపోవాల్సిన చోటు, మనిషి చెయ్యి మీదికొస్తే ఏదో జరగబోతోందని.

ఇప్పుడైతే పర్వాలేదు. రెండు నెలల లాబ్రడార్‌ కూనను ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. ఏడాది తిరిగేసరికి అదే పాతిక, ముప్పై కిలోలు అవుతుంది. అప్పుడు చెవిలో చీము పట్టినా చూడనివ్వదు. గోరు విరిగి రక్తం కారుతున్నా కాలు ముట్టుకోనివ్వదు. పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్తే ఇంజెక్షన్‌ వేయడానికి నలుగురు పట్టుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో భయం. చివరికి కుక్కను బాల్కనీలో గొలుసుకు కట్టేయడమో, ఎవరికైనా ఇచ్చేయడమో జరుగుతుంది. కుక్క చెడ్డదై కాదు, తాకితే ఓర్చుకోవడం దానికి ఎవరూ నేర్పక.

నాలుగైదు వారాల అవకాశం

కుక్కపిల్లలు దేన్ని నమ్మాలో, దేనికి భయపడాలో నేర్చుకునే వయసు ఒకటుంది. అమెరికా శాస్త్రవేత్తలు జాన్‌ పాల్‌ స్కాట్‌, జాన్‌ ఫుల్లర్‌ ఏళ్ల తరబడి కూనలను పరిశీలించి 1965లో ఒక పుస్తకం వెలువరించారు. పుట్టిన మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం వరకు ఉండే దశ చాలా కీలకమని అందులో తేల్చారు. ఇప్పటి నిపుణులు దాన్ని పద్నాలుగో వారం వరకూ లెక్కేస్తున్నారు. మన దేశంలో 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. అంటే కూన మన ఇంటికి వచ్చేసరికే సగం కాలం గడిచిపోయి ఉంటుంది. మిగిలేది నాలుగైదు వారాలు, మహా అయితే ఆరు.

ఆ తర్వాత నేర్చుకోదని కాదు. నేర్చుకుంటుంది గానీ పదింతల ఓపిక కావాలి. టీకాల వరస పూర్తయ్యేదాకా కూనను వీధిలో నేలమీద తిప్పొద్దని వైద్యులు చెబుతారు. పార్వో, డిస్టెంపర్‌ లాంటి జబ్బుల భయం అలాంటిది మరి. ఆ ఇంటిపట్టున ఉండే రోజులే ఈ పాఠాలకు సరైన సమయం.

ముందు నీళ్లు లేని పాఠం

కూనను తెచ్చిన రోజే స్నానం చేయించడం మనవాళ్లకు అలవాటు. ‘ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో’ అంటూ పెద్దవాళ్లు తొందరపెడతారు. ఆ మాట వినకండి. తల్లినీ, తోడబుట్టినవాటినీ వదిలి వచ్చి అది అప్పటికే బెదిరి ఉంటుంది. చిన్న కూనల ఒంట్లో వేడి త్వరగా తగ్గిపోతుంది కూడా. మురికిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగా ఆరబెడితే చాలు. వారం పది రోజులు స్నానం లేకపోతే కొంపేం మునగదు.

ఆ పది రోజులూ చేయాల్సిన పని వేరే ఉంది. రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ రెండు నిమిషాలు. కూన కడుపు నిండి, ఆడి అలసి, మగతగా ఉన్నప్పుడు పక్కన కూర్చోండి. చెవిని ఒక్క క్షణం వేళ్లతో పట్టుకుని వదలండి. వెంటనే నోటికి ఓ చిన్న ముక్క అందించండి. తర్వాత పాదం. ఇంకోసారి పెదవి పైకెత్తి పళ్లు చూడటం. మరోసారి తోక, పొట్ట, వేళ్ల సందులు. ముక్క బఠాణీ గింజంత ఉంటే చాలు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు బాగుంటాయి. శాకాహారుల ఇంట్లో ఉడికించిన క్యారెట్‌ పెట్టొచ్చు, లేదా కూన రోజూ తినే గింజల ఆహారంలోంచే కొంచెం తీసి పక్కన పెట్టుకోవచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్‌, చాక్లెట్‌, ఉల్లిపాయ మాత్రం కుక్కలకు విషం.

ఇక్కడ చాలామంది తడబడేది వరస దగ్గర. ముందు తాకాలి, ఆ తర్వాతే పెట్టాలి. ముందే తిండి చూపించి మురిపించి, అది తింటుండగా కాలు పట్టుకుంటే కూన తెలివిమీరుతుంది. ముక్క కనిపించిందంటే ఏదో మోసం ఉందని గ్రహించి దూరం జరుగుతుంది. అది కాలు వెనక్కి లాక్కుంటే వదిలేయండి. మళ్లీసారి ఇంకా తక్కువసేపు పట్టుకోండి. ‘ఎలాగైనా లొంగదీయాలి’ అనే పంతం ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించకండి. పదేళ్లు దాటిన పిల్లలు, మీరు పక్కనుంటే, ఈ పని మనకన్నా బాగా చేస్తారు.

బాత్‌రూమ్‌తో స్నేహం

కూనను బెదరగొట్టేది తరచూ నీళ్లకన్నా కాలు జారడమే. తడి టైల్స్‌ మీద దానికి పట్టు దొరకదు. అందుకే అన్నిటికన్నా ముందు కొనాల్సింది షాంపూ కాదు, రబ్బరు మ్యాట్‌. అది లేకపోతే పాత గోనెసంచి మడిచి వేసినా సరే.

మొదటి రోజు పొడిగా ఉన్న బాత్‌రూమ్‌లో మ్యాట్‌ మీద కూన గిన్నె పెట్టి అన్నం తిననివ్వండి. తలుపు తెరిచే ఉండాలి. ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పోనివ్వండి. తర్వాత అది తింటుండగా మగ్గు చప్పుడు, కొళాయి ధార చప్పుడు కొంచెం దూరం నుంచి వినిపించండి. ఆపైన పాదాలు మాత్రం తడపండి. మరోసారి కాళ్లు, నడుము. కొన్ని కూనలు మూడు రోజుల్లో ఇదంతా దాటేస్తాయి, కొన్నింటికి రెండు వారాలు పడుతుంది. ఏ మెట్టు దగ్గర తిండి తినడం మానేస్తుందో అక్కడ మీరు తొందరపడ్డారని అర్థం. ఒక మెట్టు వెనక్కి రండి.

అసలు స్నానానికి ఎండ ఉన్న మధ్యాహ్నం మంచిది. మనం పోసుకునే వేడినీళ్లు దానికి ఎక్కువ. మోచేతితో చూస్తే గోరువెచ్చగా ఉండాలి, అంతే. గోడ టైల్‌ మీద, దాని మూతి అందే ఎత్తులో, ఒక చెంచా గట్టి పెరుగు పూయండి. దాన్ని నాకుతూ నిలబడేలోగా మీ పని సగం అయిపోతుంది. నీళ్లు కాళ్ల నుంచి మొదలుపెట్టి వీపు మీదికి రావాలి. మగ్గును ఒంటికి ఆనించి మెల్లగా వంచండి, ఎత్తునుంచి గుమ్మరించకండి. తలమీద పోయనే వద్దు. ముఖాన్ని తడిగుడ్డతో తుడవండి. నురగ పూర్తిగా పోయేదాకా కడగాలి, మిగిలితే దురద పెడుతుంది. అయిదారు నిమిషాల్లో ముగించి తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. స్నానం కాగానే కూన ఇల్లంతా పిచ్చి పరుగులు తీస్తుంది. అది సహజం. సోఫా మీద దుప్పటి పరుచుకుని దాన్ని పరుగెత్తనివ్వండి.

మన షాంపూలు దానికి వాడొద్దు. మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, కుక్క చర్మానిది తటస్థానికి దగ్గర. పైగా దాని చర్మం పలుచన. సువాసన కోసమని డెట్టాల్‌ కలపడం, కుంకుడు రసం పోయడం, నిమ్మకాయ రుద్దడం లాంటి సొంత వైద్యాలు మానండి. కుంకుడు రసం కంట్లో పడితే మనకెలా మండుతుందో తెలుసుగా! కుక్కల షాంపూల్లోనూ కూనలకు పనికొచ్చేవి వేరే ఉంటాయి. మామూలుగా నెలకోసారి స్నానం సరిపోతుంది. వారం వారం తలంటితే చర్మం మీది సహజమైన నూనె పోయి పొలుసులు రాలతాయి. ఒంట్లో బాగోలేనప్పుడు, టీకా వేయించిన రోజున వాయిదా వేయండి.

గుర్రుమంటే తిట్టొద్దు

కూన భయం మొరుగుడుతో మొదలవదు. పెదవులు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. ముఖం పక్కకు తిప్పుకుంటుంది. తోక కాళ్ల మధ్యకు పోతుంది, కళ్ల అంచున తెల్లగుడ్డు కనిపిస్తుంది. కదలకుండా బిగుసుకుపోతే ‘ఎంత బుద్ధిగా కూర్చుందో’ అని మురిసిపోతాం. నిజానికి అది బాగా భయపడిందని గుర్తు. ఇవేవీ మనం గమనించకపోతేనే గుర్రుమంటుంది. అది హెచ్చరిక, పొగరు కాదు. అందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. అలాంటి కుక్కే చెప్పాపెట్టకుండా కరుస్తుంది.

గోళ్ల సంగతి

స్నానం కన్నా ఎక్కువ కుక్కలు గొడవ చేసేది గోళ్ల దగ్గర. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. అక్కడ ఒక్కసారి కత్తిరిస్తే ఆ నొప్పిని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. తెల్లగోళ్లలో ఆ భాగం లేత గులాబీ రంగులో కనిపిస్తుంది. నల్లగోళ్లలో కనిపించదు కాబట్టి కొసను బియ్యపు గింజంత మాత్రమే తీయాలి. మనుషుల నెయిల్‌ కట్టర్‌ గోరును నలిపేస్తుంది. కుక్కల కోసం అమ్మేదే తెచ్చుకోండి.

తెచ్చిన రోజే వాడకండి. రెండు రోజులు దాన్ని వాసన చూడనివ్వండి. తర్వాత గోటికి ఊరికే తాకించి ముక్క పెట్టండి. కట్టర్‌ ‘టక్‌’మనే చప్పుడుకు అలవాటు పడాలంటే పక్కన ఒక ఎండు సేమ్యా పుల్లను కత్తిరించి చూపించండి. ఆ తర్వాత రోజుకు ఒకే ఒక్క గోరు. అన్నీ ఒకే పూట అయిపోవాలన్న నియమం ఎక్కడా లేదు. ముందుకాళ్ల లోపలివైపు, నేలకు తగలకుండా పైన ఒక గోరుంటుంది. అది అరగదు. మరిచిపోతే వంకీ తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. పొరపాటున రక్తం వస్తే కంగారు పడకుండా కొంచెం కార్న్‌ఫ్లోర్‌ అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టండి.

చెవుల విషయంలో పెద్దగా చేయాల్సిందేమీ లేదు. కనిపించేంత మేర దూదితో తుడిస్తే చాలు, ఇయర్‌బడ్స్‌ లోపలికి పెట్టొద్దు. దుర్వాసన వచ్చినా, తల అదేపనిగా విదిలిస్తున్నా వైద్యులకు చూపించాలి. పళ్లకు మన టూత్‌పేస్ట్‌ వాడకూడదు. దానిలోని ఫ్లోరైడ్‌ను కుక్క మింగేస్తుంది. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్‌ అయితే ప్రాణాల మీదికే తెస్తుంది. పాలపళ్లు ఉన్నప్పుడు వేలికి తడిగుడ్డ చుట్టి రుద్దితే చాలు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఆ 28 పళ్లూ ఊడి 42 శాశ్వత దంతాలు వస్తాయి. అప్పటికి బ్రష్‌కు అలవాటు పడి ఉంటుంది.

పిడుదులతో జాగ్రత్త

ఒంటినిండా చెయ్యి వేయనిచ్చే కూన ఎంత అదృష్టవంతురాలో మన ఎండల్లో, వానల్లో తెలుస్తుంది. గోమార్లు, పిడుదులు, టిక్స్‌... పేరేదైనా ఆ పురుగు చెవుల లోపల, మెడపట్టీ కింద, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో దాక్కుంటుంది. అది కుట్టడం వల్ల వచ్చే టిక్‌ ఫీవర్‌తో కుక్క తిండి మానేసి నీరసిస్తుంది. కొన్నిసార్లు ముక్కులోంచి రక్తం కారుతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. అందుకే రోజూ సాయంత్రం ఒళ్లంతా ఓసారి తడమండి.

కనిపించిన పిడుదును చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టకారుతో పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్‌ పోయడం, అగ్గిపుల్ల చూపించడం ప్రమాదం. పట్టుకున్నదాన్ని చేత్తో నలపకుండా సబ్బునీళ్లలోనో, స్పిరిట్‌లోనో వేయండి. రక్తం తాగిన ఆడ పిడుదు కుక్కను వదిలి గోడ పగుళ్లలోకి పోయి వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కూన పడుకునే చోటు, పరుపు మూలలు కూడా శుభ్రం చేయాలి. మందుల షాపులో దొరికే చుక్కలు, పౌడర్లు వయసు, బరువు చూడకుండా వేస్తే కూనకు విషమవుతాయి. ఎప్పుడు ఏది వేయాలో పశువైద్యులనే అడగండి. ఆ చుక్కలు వేశాక ఎన్నాళ్లు స్నానం ఆపాలో కూడా అడిగి తెలుసుకోండి.

గాటు పడితే...

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఈ పనుల్లో సూదుల్లాంటి పాలపళ్లు ఎప్పుడో ఒకప్పుడు చేతికి దిగుతాయి. ‘మన కూనే కదా, రెండు నెలలదే కదా’ అని పసుపు అద్ది వదిలేయొద్దు. రేబిస్‌ టీకా కూనకు వేసేది మూడు నెలల వయసులో. అంతకుముందు దానికి రక్షణ లేనట్టే. చర్మం గీరుకున్నా సరే, సబ్బు రాసి ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. టీకా అవసరమా కాదా అన్నది అక్కడ డాక్టర్‌ తేలుస్తారు. పిల్లలు తిడతారేమోనని గాటును దాచిపెడుతుంటారు. చెబితే ఎవరూ కోప్పడరని ముందే వాళ్లకు నమ్మకం కలిగించండి.

ఇప్పటికే బెదిరిపోయి ఉంటే

మీ కుక్క వయసు ఏడాది దాటి, బాత్‌రూమ్‌ పేరెత్తితేనే వణుకుతుంటే చోటు మార్చండి. డాబా మీదో, పెరట్లోనో వెడల్పాటి టబ్బులో మొదలుపెట్టండి. పాత మగ్గు, పాత షాంపూ వాసన రెండూ మారాలి. కొన్ని నెలలు తడిగుడ్డ స్నానాలతో సరిపెట్టినా నష్టం లేదు. ఈలోగా కూనలకు చెప్పిన పాఠాలే మొదటి నుంచి, ఇంకా నెమ్మదిగా నేర్పండి.

నిన్నటిదాకా హాయిగా తాకనిచ్చిన కుక్క ఉన్నట్టుండి చెవి దగ్గరికో, నడుము దగ్గరికో చెయ్యి రానివ్వకపోతే మాత్రం అది మొండితనం కాదు, అక్కడ నొప్పి ఉండొచ్చు. దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ పెంపుడు కుక్కలను చూస్తారు. వెళ్లేటప్పుడు టీకాల పుస్తకంతో పాటు, దానికి ఇష్టమైన తిండి ముక్కలు కొన్ని జేబులో వేసుకెళ్లండి.