వెల కట్టరాని శిలలు

వినాయక నవరాత్రులు ముగిసి, గణనాథుడు నిమజ్జనానికి తరలివెళ్ళే వేళ మన ఊళ్ళలో లడ్డూ వేలంపాట జరగడం అందరికీ తెలిసినదే. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన ఈ పాట 2025 నాటికి 35 లక్షలకు చేరింది. ఎంత పాడినా భక్తుడు ఇంటికి తెచ్చుకునేది స్వామి ప్రసాదమే. ఆ సొమ్ము తిరిగి దైవకార్యానికో, గ్రామ క్షేమానికో చేరుతుంది. ఆ పాటలో దేవుడు ఇచ్చేవాడు.

దేశదేశాల మహానగరాలలో మరొక విధమైన వేలంపాట సాగుతూ ఉంటుంది. అక్కడ దేవుడే సరుకు. ఏ గర్భాలయంలోనో, ఏ కోష్ఠంలోనో శతాబ్దాలపాటు అభిషేకాలందుకున్న మూర్తికి ఒక అంకె తగిలించి, దీపకాంతిలో నిలబెట్టి, వెల పలికిస్తారు. ఆ పక్కనే కోట్ల ఏళ్ళనాటి జీవుల శిలాజాలు కూడా అమ్మకానికి ఉంటాయి. పురాతన వస్తువులను సేకరించడం ఒక ముచ్చటగా, పెట్టుబడిగా పెరిగిన ఈ కాలంలో, దేవుడికి వెల కట్టవచ్చునా అన్న ప్రశ్న మన నల్లగొండ, పాలమూరు పల్లెల గడప దాకా వచ్చింది.

సాలగ్రామం చెప్పే ధర్మం

ఈ ప్రశ్నకు సమాధానం మన పూజామందిరంలోనే ఉంది. గండకీ నదీతీరంలో లభించే సాలగ్రామాన్ని సాక్షాత్తు శ్రీమహావిష్ణు స్వరూపంగా అర్చిస్తాము. దానికి ప్రాణప్రతిష్ఠ అవసరం లేదని పెద్దల మాట. వజ్రకీటమనే జీవి శిలను తొలిచి అందులో చక్రాన్ని నిర్మించిందని పురాణగాథ. శాస్త్రజ్ఞులు ఆ చక్రాన్ని ఒక సముద్రజీవి చుట్టలు తిరిగిన గుల్లగా గుర్తించారు. హిమాలయాలు లేవక పూర్వం అక్కడ సముద్రం ఉండేదనీ, దాని అడుగు బురదలో ఒదిగిన గుల్లలే కాలక్రమాన రాయిగా మారి, నది కోతకు బయటపడుతున్నాయనీ వారు చెబుతారు. అంటే మన ఇళ్ళలో తులసీదళంతో పూజలందుకుంటున్నది ఒక శిలాజమే. ఆ చక్రం వెనుక ఒక ప్రాణి ఉన్నదని పురాణమూ అంటుంది, శాస్త్రమూ అంటుంది.

ఈ సాలగ్రామం విషయంలో మన ధర్మం ఒక కట్టడి పెట్టింది. దానికి వెల కట్టరాదు. అమ్మినవానికే గాక, వెల నిర్ణయించినవానికీ, ఆ బేరానికి సమ్మతించినవానికీ దోషం తప్పదని పురాణాలు హెచ్చరించాయి. అది తండ్రి నుండి కుమారునికి, గురువు నుండి శిష్యునికి సంక్రమించాలి. నిత్యపూజ సాగించే శక్తి లేనినాడు మఠానికో, ఆలయానికో సమర్పించాలి. మనం దానికి సంరక్షకులమే తప్ప యజమానులం కాము.

లోకం పోకడ వేరుగా ఉంది. రమారమి సాలగ్రామ శిలల కాలానికే చెందిన ఒక రాక్షసిబల్లి అస్థిపంజరాన్ని 2024 జూలైలో న్యూయార్క్‌లో వేలం వేస్తే 4 కోట్ల 46 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో అది 370 కోట్ల రూపాయల పైమాట. సొంత భూమిలో దొరికిన శిలాజాన్ని అమ్ముకునే హక్కు అమెరికా చట్టం ఇస్తుంది. కొన్నవారు దానిని మ్యూజియానికి ఎరువిచ్చారు గనుక ప్రజలు చూడగలుగుతున్నారు. ఆ దయ కలగని కొనుగోలుదారు చేతిలో పడితే అది తలుపుల వెనుక మాయమైపోతుంది. మన ప్రాణహిత, గోదావరి లోయలో, ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి వద్ద బయటపడిన కోటాసారస్ అనే రాక్షసిబల్లి కథ వేరు. 44 అడుగుల ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో బడిపిల్లలందరికీ కనువిందు చేస్తున్నది.

న్యాయస్థానానికెక్కిన పరమేశ్వరుడు

శిలాజం సంగతి అలా ఉండగా, మూర్తుల సంగతి మరింత గంభీరమైనది. ప్రతిష్ఠితమైన దేవుడు తన ఆస్తికి తానే హక్కుదారు అని మన దేశ న్యాయశాస్త్రం అంగీకరిస్తుంది. ఈ సూత్రం ఒకసారి సముద్రాలు దాటింది. తమిళనాట పత్తూరు గ్రామంలో 1976లో ఒక కూలీ మట్టి తవ్వుతుండగా కంచు నటరాజమూర్తి బయటపడింది. చేతులు మారి, దేశం దాటి, 1982లో లండన్‌లో ఒక కెనడా సంస్థకు అమ్ముడుపోయింది. పోలీసులు స్వాధీనం చేసుకోగా వ్యాజ్యం నడిచింది. శిథిలమైన ఆలయం తరఫునా, అందులోని శివలింగం తరఫునా హక్కు కోరారు. ఆలయానిదే పైచేయి అని 1988లో తీర్పు వచ్చింది. 1991లో పై న్యాయస్థానమూ దానినే ఖాయపరచింది. నటరాజస్వామి స్వదేశానికి తిరిగివచ్చాడు. పైకప్పు కూలి, పూజలాగిన గుడి సైతం తన స్వామిని కోరి తెచ్చుకోగలదని ఆ తీర్పు లోకానికి చాటింది.

మన తెలుగునేల కూడా ఈ వేదన ఎరిగినదే. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుండి అపహరణకు గురైన ఒక సున్నపురాతి శిల్పఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ కళామందిరం 2005లో న్యూయార్క్ వ్యాపారి వద్ద 5 లక్షల 95 వేల డాలర్లకు కొన్నది. అది దొంగసొత్తని తేలిన మీదట 2016లో మన దేశానికి అప్పగించింది. అదే సంస్థ తమిళనాడు శ్రీపురంతాన్ నటరాజును 2014లో తిరిగి ఇచ్చింది. ఆ విగ్రహం గుడిలో ఉన్నప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ తీసిన ఛాయాచిత్రం అక్కడ తిరుగులేని సాక్ష్యమైంది. ఒక్క ఫోటో స్వామిని ఇంటికి చేర్చింది.

అన్నిటిలోకీ ఇటీవలిది పిప్రహ్వా ఉదంతం. ఉత్తరప్రదేశ్‌లోని ఆ స్తూపంలో 1898లో బుద్ధభగవానుని ధాతువులతో పాటు రత్నాలు లభించాయి. వాటిలో కొంత భాగం తవ్వించిన ఆంగ్లేయుని కుటుంబం వద్దే ఉండిపోయింది. 2025 మే నెలలో హాంకాంగ్‌లో వాటిని వేలానికి పెట్టగా భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది, వేలం ఆగింది. జూలై మాసాంతంలో ఒక భారతీయ పారిశ్రామిక సంస్థ సహకారంతో అవి మాతృభూమికి చేరాయి. స్తూపగర్భంలో భక్తితో నిక్షేపించిన కానుకను 127 ఏళ్ళ తరువాత ధర చెల్లించి తెచ్చుకోవలసి వచ్చింది.

మన నేల, మన బాధ్యత

ఇక మన గడపకు వద్దాము. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో అడుగడుగునా పురాసంపదే. పానగల్లులో పచ్చల, ఛాయా సోమేశ్వరులు కొలువై ఉన్నారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఫణిగిరి కొండపై బౌద్ధ విహారాలు వెలుగుచూశాయి. 2024 మార్చిలో అక్కడ ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నం ఉన్న ఆ నాణేలను ఇక్ష్వాకుల కాలానివిగా పురావస్తు శాఖవారు గుర్తించారు. అవి కుండతో సహా, ఉన్నచోటనే, తెలిసినవారి చేత బయటపడ్డాయి గనుకనే మనకు చరిత్ర చెబుతున్నాయి. ఎవరో తవ్వి పంచుకుని ఉంటే విడివిడి సీసపు బిళ్ళలుగా మిగిలేవి. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు సగౌరవంగా వెళ్ళాయి. చందవరం ఫలకం చేతులు మారిన నగరమూ అదే! ఒకటి అధికార పత్రాలతో అతిథిగా వెళ్ళింది, మరొకటి దొంగచాటుగా సరుకుగా వెళ్ళింది.

నారాయణపేట జిల్లా ముడుమాల వద్ద కృష్ణాతీరాన నిలువెత్తు రాళ్ళున్నాయి. మూడు వేల ఏళ్ళకు పూర్వపు ఆ శిలలలో ఒకదానిపై సప్తర్షి మండలాన్ని తలపించే గుంటలు చెక్కి ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ స్థలం చోటు సంపాదించింది. అంతకు ఎంతోముందే గ్రామస్థులు వాటిని నిలురాళ్ళ తిమ్మప్పగా కొలిచారు, ఒక శిలను ఎల్లమ్మ తల్లిగా పూజించారు. చట్టానికి ముందు ఆ రాళ్ళను కాపాడినది ఆ భక్తియే.

అలంపురం చరిత్ర చూడండి. పాత ఆలయం లేకుండాపోయిన తరువాత జోగులాంబ అమ్మవారి మూర్తి శతాబ్దాలపాటు బాలబ్రహ్మేశ్వరుని గుడిలోనే పూజలందుకుంది. 2005లో అమ్మవారు తన నూతనాలయంలో తిరిగి కొలువుదీరింది. ఎన్నో తరాలు చేతులు మార్చుకుంటూ కాపాడాయి గాని, ఎవరూ తమ సొత్తనుకోలేదు.

మరి ఇదే సీమలో గుప్తనిధుల ఆశతో పాత గుళ్ళలో నందిని పెకలించడం, పానవట్టం కింద తవ్వడం వంటి అకృత్యాలు ఇప్పటికీ వార్తలకెక్కుతున్నాయి. నిధి మాట దేవుడెరుగు, అక్కడ పగిలిపోయేది మన తాతముత్తాతలు దీపం పెట్టిన స్వామియే. మనం పొలం గట్టున ఒరిగిపోయిన శిలను పట్టించుకోకపోవడం దొంగకు సగం పని చేసిపెట్టడమే.

రాతిని కదపని సేకర్తలు

సేకరణే పాపమని దీని భావం కాదు. మూడవ సాలార్‌జంగ్ సేకరించిన కళాఖండాలు 1951లో మ్యూజియంగా మారి ప్రజలందరివీ అయ్యాయి. అంతకంటె మనకు ఆదర్శప్రాయులు మన జిల్లాల పండితులే. అలంపురం గడియారం రామకృష్ణశర్మగారు ఆ క్షేత్ర శిల్పాలను, శాసనాలను లోకానికి పరిచయం చేయడానికి జీవితాన్ని వెచ్చించారు. నల్లగొండ బి.ఎన్.శాస్త్రిగారు శాసనాలను సేకరించి సంపుటాలుగా వెలువరించారు. శాసనాన్ని సేకరించే పద్ధతి చూడండి. రాతిని శుభ్రపరచి, తడికాగితం పరచి, కుంచెతో అద్ది, సిరా పులిమితే అక్షరాలు కాగితం మీదకు వస్తాయి. సేకర్త కాగితంతో ఇంటికి వెళతాడు, రాయి ఊరిలోనే ఉంటుంది. ఇంతకు మించిన సేకరణ ఏముంటుంది?

మనం చేయదగినవీ ఇటువంటివే. మన గుడిలోని, ఊరిలోని ప్రతి ప్రాచీన మూర్తికి నాలుగు వైపులా ఫోటోలు తీయించి, కొలతలతో సహా దేవస్థానంలో ఒకటి, పంచాయతీలో ఒకటి భద్రపరచాలి. దున్నుతుండగానో, పునాది తవ్వుతుండగానో విగ్రహమో, నాణేలో బయటపడితే కదపక, తహసీల్దారుకూ పురావస్తు శాఖకూ తెలపాలి. 1976 నుండి అమలులో ఉన్న పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పాలను, చిత్రాలను నమోదు చేయించాలి. వాటిని వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం ప్రభుత్వానికే చెల్లుతుంది. ఇంట్లో ఉన్న తాతలనాటి మూర్తిని నమోదు చేయించినంత మాత్రాన అది మన నుండి పోదు. నమోదే దానికి రక్ష. ఇక, ఎక్కడి నుండి వచ్చిందో చెప్పలేని పాత విగ్రహాన్ని ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకగా దొరికినా పూజామందిరానికి తేకూడదు. దాని వెనుక ఖాళీ అయిన ఒక గర్భగుడి ఉండవచ్చు.

ఈసారి తీర్థం పుచ్చుకునేటప్పుడు ఆ సాలగ్రామాన్ని ఒక్క క్షణం తేరిపార చూడండి. కోట్ల ఏళ్ళు ప్రయాణించి మన చేతికి వచ్చిన ఆ స్వామి, మన తరువాత మరొకరి చేతికి భద్రంగా చేరాలి. ఊరి చివరి శిథిలాలయంలోని దేవుడు మన నుండి కోరుకునేదీ అదే. దీపం పెట్టడంతో పాటు, ఆయనను ఆయన ఇంట్లోనే ఉండనివ్వడం కూడా పూజయే.